నలభై మూడు తలనొప్పులు

ముత్తుకూరు,
శనివారం మధ్యాహ్నం.

ప్రభువునందు ప్రియమైన అమ్మకు,

నీ కూతురు అబిగయీలు వందనాలు. ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమంగా వుండాలని ప్రార్థిస్తున్నాం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ఈసారి ఆలోచించి రాశాను. ఈ రోజుకి నిజంగానే క్షేమం. నెల కిందట ఇదే మాట రాసి వుంటే పచ్చి అబద్ధమయ్యేది.

సామ్రాజ్యం అక్క సెలవు మీద వస్తూ తెచ్చిన నీ ఉత్తరం అందింది. సోమవారం ఆమె మళ్ళీ కువైట్ విమానం ఎక్కుతుంది. ఇది ఆమె చేతికే ఇస్తున్నాను. మీ మేడమ్ నీకు శుక్రవారం పది నిమిషాలు ఫోను ఇస్తుంది. ఆ పది నిమిషాల్లో సగం నువ్వు ఏడుస్తావు, సగం నేను అరుస్తాను. ఈ సంగతి అట్లా చెప్పేది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి మూల ఇప్పుడు కారడం లేదు, మామ కొత్త రేకు వేశాడు. తమ్ముడు రాజ్ కుమార్ కృష్ణపట్నంలో లారీలు కడిగే పనికి సక్రమంగానే పోతున్నాడు, గుడికి మాత్రం పోవడం లేదు, నేను చెప్పానని అనకు. నువ్వు పంపిన ఖర్జూరాలు రెజీనా పెద్దమ్మకు సగం ఇచ్చాను. నీకు అప్పుడప్పుడు తలనొప్పి వస్తోంది తప్ప బాగానే వున్నానని రాశావు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక మిగిలినవి రెండు. "రెజీనా అక్క అంత శుభ్రమైన మనిషి కదా, ఆమె వండింది తిని అంతమంది ఎట్లా పడిపోయారు, చేతులు కడుక్కోలేదా, నిజం చెప్పు" అని ఒకటి. "కంపెనీవాళ్ళు అడిగిన కాగితం మీద సంతకం పెట్టి బుద్ధిగా పనిలోకి పో" అని రెండోది. తమ్ముడు నీకు ఫోనులో సగం సగం వాగాడని అర్థమైంది. పూర్తి సంగతి వాడు చెప్పలేదు. కూర్చుని చదువు. మీ మేడమ్ పిలిస్తే పిలవనీ.

నీకు తెలియని కంపెనీ కాదు ఇది. కువైట్ పోకముందు నువ్వు నాలుగేళ్ళు రొయ్యలు ఒలిచింది ఇక్కడే. పొద్దున్నే బస్సు దిగడం, తెల్ల కోటు, టోపీ, గంబూట్లు, మోకాలితో నొక్కితే నీళ్ళొచ్చే పంపు కింద సబ్బుతో చేతులు కడగడం, తర్వాత క్లోరిన్ నీళ్ళలో ముంచడం, ఏదీ మారలేదు. ఆ పంపు ఒలిచే హాలు లోపలికి పోయే దారిలో వుంటుంది. రొయ్యలు కొనే దేశాలవాళ్ళు వచ్చి చూసేది దాన్నే. వెనక వైపు ఎవరూ చూడరు. రెండు వందల మంది ఆడవాళ్ళకు నాలుగు దొడ్లు, ఒక్క కొళాయి. సబ్బు పెడితే ఇళ్ళకు ఎత్తుకుపోతున్నారని సూపర్‌వైజరు సుశీల్ కుమార్ దాన్ని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. పక్కనే తాగే నీళ్ళ నీలం డ్రమ్ము, దాని మీద ఒకే చెంబు. దొడ్డికి పోయొచ్చి, హాల్లోకి పోకముందు, అందరం ఆ డ్రమ్ములో మణికట్టు దాకా చెయ్యి ముంచి నీళ్ళు తాగుతాం. రొయ్యకు సబ్బు వుంది, దాన్ని ఒలిచే మనిషికి లేదు.

గేటు దగ్గర ఆరోగ్యం రిజిస్టరు కూడా నీకు తెలుసు. జ్వరం, వాంతులు, విరేచనాలు, చేతి గాయాలు, ఇతరములు అని గళ్ళు. నేను పనిలో చేరే ముందు రోజు నువ్వు నా జడ వేస్తూ ఏం చెప్పావో గుర్తుందా? "గేటు కాడ కడుపు సంగతి ఎత్తబాకమ్మే. ఏమొచ్చినా తలనొప్పి అని చెప్పు. మోషన్లంటే పదిహేను రోజులు బైట నిలబెడతారు. తలనొప్పంటే మాత్ర చేతిలో పెట్టి లోపలికి తోస్తారు." ఆ మాట నీకు మస్తానమ్మ అత్త చెప్పింది. ఆమెకు ఇంకెవరో చెప్పారు. నిరుడు నా చేతిరాత బాగుందని నన్ను లైన్ లీడర్ని చేసి ఆ రిజిస్టరు నాకే ఇచ్చారు. ఎవరు కడుపు పట్టుకుని వచ్చినా నేను అడగను, వాళ్ళు చెప్పరు. 'ఇతరములు' గడిలో 'తలనొప్పి' అని గుండ్రంగా రాస్తాను. మాత్ర ఇస్తాను. తలనొప్పి లేనివాళ్ళు ఆ మాత్ర ఏం చేసుకుంటారు? టిఫిన్ డబ్బా మూతలో వేసుకుని ఇంటికి పోతారు.

మన సంఘం వార్షికోత్సవానికి ముందు మంగళవారం మొదలైంది. ఆ రోజు ముగ్గురు. బుధవారం ఏడుగురు. గురువారం నుంచి వెనక వైపు వరుస కట్టారు. పట్టపుపాళెం నుంచి వచ్చే మస్తానమ్మ అత్త నా బల్లకు ఎదురుగా కూర్చుని రొయ్య తల తుంచుతూ అంది కదా, "ఏందమ్మే అబీ, మన తలకాయలన్నీ దొడ్డి వైపే పరిగెత్తతుండాయే!" అందరం పడీపడీ నవ్వాం. నేను కూడా నవ్వాను. శనివారం సాయంత్రానికి రిజిస్టరులో నలభై మూడు తలనొప్పులు. సుశీల్ కుమార్ కింద సంతకం పెడుతూ "ఎండలు జాస్తిగా వున్నాయి, అందరినీ నీళ్ళు బాగా తాగమను" అన్నాడు. ఆ డ్రమ్ములో నీళ్ళు.

ఆదివారం గుడిలో వార్షికోత్సవం ప్రేమ విందు. పెద్దమ్మ ఎప్పటిలాగే తెల్లవారకముందే గుడి వెనక పొయ్యి పెట్టింది. పలావు, కోడికూర, పెరుగు పచ్చడి. రెండు వందల మంది తిన్నారు. సోమవారం రాత్రికి ఒక్కొక్కరే మంచం పట్టారు. కడుపులో మెలిపెట్టి పిండినట్టు నొప్పి, జ్వరం, బంక విరేచనాలు, వాటితో నెత్తురు. హెన్రీ అన్న కూతురు, నాలుగేళ్ళ పిల్ల, దానికి ఫిట్స్ కూడా వచ్చినాయి. నెల్లూరు తీసుకుపోయారు. ఆరు రోజులు. బతికింది. బతికింది అని ముందే రాస్తున్నాను, నువ్వు కంగారు పడతావని.

బుధవారం పేపర్లో వచ్చింది: ప్రేమ విందు వికటించి అరవై మందికి అస్వస్థత. పక్కన పెద్దమ్మ ఫొటో, గరిట పట్టుకుని. అది బడి పిల్లలకు వండేటప్పుడు ఎవరో ఎప్పుడో తీసిన ఫొటో. కంపెనీ అదే రోజు గేటు మీద నోటీసు అంటించింది: చర్చి విందు తిన్నవాళ్ళు పదిహేను రోజులు పనికి రావద్దు. జబ్బు మన గుడిలో పుట్టి వాళ్ళ కంపెనీకి పాకిందన్నట్టు.

గురువారం హెడ్మాస్టరు పెద్దమ్మను పిలిచి, "తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు రెజీనమ్మా, నాలుగు రోజులు ఆగు" అన్నాడంట. పదకొండేళ్ళు ఆ బడిలో అన్నం వండిన మనిషి. ఆ మొదట్లో ఆమె వండితే తమ పిల్లలు తినరని కొందరు క్యారేజీలు పంపించిన సంగతి నీకు తెలుసు. ఆ క్యారేజీలు ఆగడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ మొదలైనాయి. "శుభ్రం లేని చేతులు" అని కొట్టు దగ్గర ఒకామె నా మొహం మీదే అంది. ఆ మాట వెనక ఏముందో నీకు నేను విడమరచి చెప్పాల్సిన పని లేదు. పెద్దమ్మ గిన్నెలన్నీ తోమి, బోర్లించి, తాళంచెవి ఇచ్చేసి వచ్చి మన అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. "రేపు పిల్లకాయలకి గుడ్డు పెట్టే రోజు. కొత్తామెకి ఉడకబెట్టే లెక్క తెలుసో లేదో" అంది, అంతే.

నాకు ముత్తుకూరు పాత కాగితాల కొట్టులో తూకానికి దొరికిన నర్సింగు పుస్తకం ఒకటుంది కదా, అట్ట లేనిది, మొదటి ఇరవై పేజీలు లేనిది. నువ్వు "అదెందుకే, ఇంట్లో జబ్బులు చాలవా" అన్నావు. ఆ రోజు దాన్ని తీసి, అర్థం కాని మాటలు ఫోనులో వెతుక్కుంటూ చదివాను. నెత్తురు బంకకు కారణం షిగెల్లా అనే సూక్ష్మజీవి కావచ్చని రాసివుంది. పేరు చూస్తే మన గుడిలో బాప్తిస్మం ఇచ్చిన ఆడపిల్లలాగుంది. అది చేసే పని మాత్రం పేగు గోడలోకి దూరి పుండు చెయ్యడం. నాలుగు సంగతులు చదివి నాకు వొళ్ళు మండింది. అది కుక్కలో పుట్టదు, కోడిలో పుట్టదు. మనిషి నుంచి మనిషికే. వంద లోపు జీవులు నోట్లోకి పోయినా చాలు, అంటే గోటి సందున పట్టేంత కూడా అక్కర్లేదు. దొడ్డికి పోయి సబ్బుతో కడగని చెయ్యి దానికి బస్సు. లోపలికి పోయిన ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది.

అయితే మంగళవారం ముగ్గురికి ఎట్లా వచ్చింది? విందు ఆదివారం కదా. పట్టపుపాళెం ఆడవాళ్ళకు ఎట్లా వచ్చింది? వాళ్ళు గంగమ్మకు మొక్కేవాళ్ళు, మన గుడి గడప తొక్కనేలేదు. పెద్దమ్మ తప్పు చెయ్యలేదనడానికి సాక్ష్యం కంపెనీలోనే, తేదీలతో సహా వుంది. కానీ అది తలనొప్పి వేషంలో వుంది. ఆ వేషం వేసింది నేను.

మరునాడు నోటీసు నాకూ వర్తిస్తుందని తెలిసీ గేటు దగ్గరికి పోయాను. రిజిస్టరు అప్పగించాలని చెప్పి పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాను. తర్వాత పట్టపుపాళెం పోయాను. మస్తానమ్మ అత్త వలకు పట్టిన పీతను విడిపిస్తోంది. చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే అంది.

"నిజం చెప్తే నీ ఉజ్జోగం పోతాది."

"పోనీ అత్తా."

"మాదీ పోతాదే పిల్లా! నీకేం, మొగుడా పిల్లకాయలా?"

"రెజీనా పెద్దమ్మది పోయింది కదత్తా. ఆమె ఏం చేసింది?"

అత్త పీతను బుట్టలో పడేసి, లోపలికి పోయి, ఊరగాయ సీసా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో తెల్ల మాత్రలు, పదో పన్నెండో. "నా తలకాయకి ఎప్పుడూ నొప్పి రాలా. పారెయ్యడానికి మనసొప్పక దాచిపెట్టినా," అంది. ఆ సాయంత్రం ఆమె ఇంటింటికీ తిరిగింది. సీసా నిండింది.

విందు మీద విచారణ పంచాయితీ ఆఫీసులో జరిగింది. సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ, హెడ్మాస్టరు, మన పాస్టరుగారు, కంపెనీ తరఫున సుశీల్ కుమార్. పెద్దమ్మను ఒక మూల నిలబెట్టారు. కుర్చీ వేయమని డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరికీ తోచలేదు.

సుశీల్ కుమార్ రిజిస్టరు తెరిచి డాక్టరమ్మ ముందుకు జరిపాడు. "చూడండి మేడమ్. విందుకు ముందు మా దగ్గర ఒక్క మోషన్స్ కేసు లేదు. రాసింది కూడా వాళ్ళ చర్చి అమ్మాయే."

నేను లేచాను. "ఆ రాత నాదే మేడమ్. ఆ నలభై మూడూ అబద్ధాలు. అన్నీ నెత్తురు బంకలే."

"ఎందుకట్లా రాశావు?" అంది డాక్టరమ్మ.

"నిజం రాస్తే పదిహేను రోజులు బయట నిలబెడతారు మేడమ్. పస్తులుండలేక."

సుశీల్ కుమార్ నవ్వాడు. "ఎవరు నిలబెట్టారు? ఒక్క పేరు చెప్పు చూద్దాం."

తలుపు దగ్గర నుంచి మస్తానమ్మ అత్త అందుకుంది. "నన్ను నిలబెట్టలేదా నాయనా? పోయిన వానల్లో గేటు కాడ నీ కాళ్ళు పట్టుకుంటే గొడుగు యిదిలించి పోయినావే, మర్సిపోయినావా?" అంటూ లోపలికి వచ్చి ఆ సీసా మూత తీసి, రిజిస్టరు మీదే బోర్లించింది. మాత్రలు బల్లంతా దొర్లాయి. కొన్ని ఆయన ఒళ్ళో పడ్డాయి. "ఇయ్యిగో నీ తలనొప్పులు. ఒక్కటన్నా మింగినామేమో లెక్కెట్టుకో."

డాక్టరమ్మ ఒక మాత్ర తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తేదీలు చూసింది. పేర్ల పక్కన ఊర్లు చూసింది. అప్పుడు అడగాల్సిన మాటే అడిగింది. "సరే. జబ్బు కంపెనీలో ముందే వుందనుకుందాం. మరి విందులోకి ఎట్లా వచ్చింది? వంట దగ్గర ఎవరెవరు చెయ్యి పెట్టారు?"

పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. "నేనొక్కదాన్నే తల్లీ. కడిగింది నేనే, వండింది నేనే, కలిపింది నేనే. ఇంకెవరి చెయ్యీ పడలా."

అమ్మా, ఇక్కడ పెన్ను పెట్టేసి లేచిపోయి, నీళ్ళు తాగి వచ్చాను. ఇన్ని శుక్రవారాలు ఫోనులో నీకు చెప్పకుండా దాచింది ఇదే.

పెద్దమ్మ చెప్పింది అబద్ధం. పెరుగు పచ్చడి కలిపింది నేను.

శనివారం మధ్యాహ్నం నుంచి నాకూ మొదలైంది. నలభై నాలుగో తలనొప్పి నాది. రాసేది నేనే కాబట్టి అది రిజిస్టరులోకి ఎక్కనేలేదు. ఆదివారం పొద్దున గుడి వెనక ఉల్లిపాయలు తరుగుతూ రెండుసార్లు లేచిపోయాను. గుడి దొడ్లో సబ్బు అయిపోయింది. వట్టి నీళ్ళతో కడుక్కుని, పావడాకు తుడుచుకుని వచ్చాను. పెద్దమ్మ నా మొహం చూసి, "ఏందమ్మే, కళ్ళు పీక్కపోయినాయి? కడుపులో బాగలేదా? పోయి పడుకో, నేను కలుపుకుంటాలే" అంది. నేనేమన్నానో తెలుసా? "తలనొప్పి పెద్దమ్మా, అంతే." అని ఆ పెద్ద బేసిన్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి పెరుగూ దోసకాయ ముక్కలూ కలిపాను. కంపెనీలో ఆడే అబద్ధం నాలుక్కి ఎంత అలవాటైపోయిందంటే, కన్నతల్లి లాంటి మనిషి ఇంట్లోదానిలా అడిగినా అదే వచ్చింది. హెన్రీ అన్న కూతురు పచ్చడి ఇంకా కావాలని ఆకు చాపింది. నేనే వేశాను. రెండుసార్లు.

పెద్దమ్మకు అంతా తెలుసు. నేను ఎన్నిసార్లు లేచిపోయానో చూసింది. జబ్బు పాకిన రోజునే లెక్క కట్టుకుంది. తెలిసే పేపర్లో ఫొటో పడనిచ్చింది, బడి తాళంచెవి ఇచ్చేసింది, అరుగు మీద కూర్చుని గుడ్ల గురించి మాట్లాడింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకు పెద్దమ్మా అని తర్వాత అడిగితే, "నువ్వు వయసులో వుండేదానివే. ఆ పేరు పడితే నీ బతుకంతా అంటుకోనుంటాది. నాకేంది, ఇంకో పదేళ్ళు" అంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది అమ్మా. ఆ ప్రేమ మీదే కోపం వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి మురికి ఇంకొకరు కొంగున కట్టుకుని దాస్తుంటే, ఆ సబ్బు గది తాళం ఎప్పటికీ తియ్యరు.

పంచాయితీ ఆఫీసులో అందరి ముందూ చెప్పాను. "పెద్దమ్మ నన్ను కాస్తోంది మేడమ్. చెయ్యి నాది. శనివారం నుంచి నాకుంది. సబ్బు లేని చేత్తో నేనే కలిపాను. నా మలం పరీక్షకు పంపండి, ఆమెదీ పంపండి." పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. పెద్దమ్మ మాత్రం "నీ నోట్లో మన్నుబడ!" అని నన్ను తిట్టి, కొంగు మొహం మీద వేసుకుని అప్పుడు ఏడ్చింది.

నెల్లూరు నుంచి ఫలితాలు వారానికి వచ్చాయి. పెద్దమ్మకు ఏమీ లేదు. నాకు వుంది. మా లైనులో ఇంకో తొమ్మిది మందికి వుంది, అందులో ఆరుగురు పట్టపుపాళెం వాళ్ళు. నొప్పి తగ్గినా రెండు మూడు వారాలు మలంలో పోతూనే వుంటుందంట, అందుకే డాక్టరమ్మ మాకందరికీ మందు ఇచ్చి, ఎవరి వంటలోనూ చెయ్యి పెట్టొద్దంది. పెట్టలేదు. తమ్ముడు ఇరవై రోజులు వండాడు. ఉప్పు వెయ్యడం ఇప్పటికీ రాలేదు.

హెన్రీ అన్న ఇంటికి పోయి గడప బయటే నిలబడి చెప్పాను. ఆయన తల వూపాడు. వదిన తలుపు వేసుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోవడం ఆమె హక్కు. పిల్ల మాత్రం మొన్న వీధిలో నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నాకు అది చాలు.

ఇక ఆ కాగితం. అందులో ఏముందో తమ్ముడు నీకు చెప్పలేదు. 'నేను నా స్వంత నిర్ణయంతో తప్పుడు వివరాలు నమోదు చేశాను, ఇందులో యాజమాన్యానికి సంబంధం లేదు' అని వుంది. తప్పు రాశానని వెయ్యిసార్లు సంతకం పెడతాను, అది నిజం. స్వంత నిర్ణయం అంటే పెట్టను. ఆ నిర్ణయం నీది, మస్తానమ్మ అత్తది, ఆమెకు ముందు గేటు దగ్గర నిలబడిన ప్రతి ఆడమనిషిదీ. దాన్ని మాచేత చేయించింది ఆ గేటు. ఆ మాట కొట్టేసి కింద నా చేతిరాతతోనే రాసిచ్చాను: దొడ్ల దగ్గర సబ్బు పెట్టండి, డ్రమ్ము తీసి కొళాయి పెట్టండి, నెత్తురు బంక వచ్చినవాళ్ళను జీతంతో ఇంటికి పంపండి, అప్పుడు ఎవరికీ తలనొప్పి రాదు. సుశీల్ కుమార్ చదివి, "నువ్వు చదువుకోకుండా చెడిపోయావు" అన్నాడు. చదువుకునే చెడిపోయాను సార్ అన్నాను. నన్ను పనిలోకి తీసుకోలేదు. ఒకవేళ పిలిచినా ఆ కాగితం మారకుండా పోను. నువ్వు ఎంత ఏడ్చినా పోను. ప్రస్తుతం సంగం వైపు వరి నాట్లకు పోతున్నాను, నడుం విరుగుతోంది, అన్నం దిగుతోంది.

డాక్టరమ్మ పైకి రాసిన రిపోర్టుతో కొన్ని కదిలాయి. డ్రమ్ము పోయింది, నాలుగు కొళాయిలు వచ్చాయి. దొడ్ల దగ్గర సబ్బు వచ్చింది. ఎవరూ ఎత్తుకుపోకుండా మస్తానమ్మ అత్త దానికి కన్నం చేసి వల తాడుతో కొళాయికి కట్టింది. చెయ్యి ఎంతసేపు రుద్దాలో నేను చెప్పాను: పరలోక ప్రార్థన మొదటి నుంచి ఆమెన్ దాకా. "మాకు నీ ప్రార్థన రాదు గదమ్మే" అంది అత్త. గోవిందా అని ముప్పైసార్లు అనుకోమన్నాను. ఇప్పుడు అక్కడ ఒకవైపు ప్రభువు, ఒకవైపు గోవిందుడు, మధ్యలో తాడుకి వేలాడే సబ్బు. జీతంతో సెలవు మాత్రం ఇంకా ఇవ్వలేదు. నా బదులు రిజిస్టరు రాసే గంగాభవాని చెప్పింది, ఇప్పుడు గేటు దగ్గర విరేచనాలు అని గట్టిగా చెప్పేవాళ్ళు ఇద్దరేనంట. నేను ఇరవై మంది అనుకున్నాను. ఇద్దరు. సరే, ఇద్దరితోనే మొదలు కానీ.

పెద్దమ్మను సోమవారం నుంచి రమ్మని హెడ్మాస్టరు కబురు పంపాడు. ఆమె ఏం చేసిందో విను. "ఊరకనే వచ్చేస్తానా? నా ఫొటో ఏ పేపర్లో యేసినారో, అదే పేపర్లో తప్పని యెయ్యమను" అని అరుగు దిగలేదు. తొమ్మిది రోజులు దిగలేదు. నాకున్న మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందా అనుకునేదాన్ని. పదో రోజు లోపలి పేజీలో మూడు లైన్లు వచ్చాయి, ఫొటో లేదు. పెద్దమ్మ దాన్ని కత్తిరించి బడి వంటగది గోడకు మైదాతో అంటించి, అప్పుడు పొయ్యి వెలిగించింది. ఆ రోజు గుడ్డు రోజే. క్యారేజీలు ఇంకా ఐదు వస్తున్నాయంట. అవి కూడా ఆగుతాయి, ఆమె ఇంతకుముందు ఆపింది కదా.

నా రెండో పరీక్ష మొన్న వచ్చింది, ఏమీ లేదని. కాగితం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె దాన్ని చూడనేలేదు. సబ్బు చేతికిచ్చి, ఆమెన్ దాకా పక్కనే నిలబడి, తర్వాత పెరుగు గిన్నె నా ముందుకు తోసి, "కలుపు" అంది.

అమ్మా, ఇప్పుడు నీ తలనొప్పి దగ్గరికి వస్తున్నాను. నీ ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు వుంది. మొదట 'అప్పుడప్పుడు' అన్నావు, మధ్యలో 'రెండు వారాలుగా' అన్నావు, చివర్లో 'తగ్గిపోతుందిలే' అన్నావు. మన ఇంట్లో తలనొప్పి అంటే ఏమిటో నాకు నేర్పింది నువ్వే. నేను రాసిన నలభై మూడింటిలో ఒక్కటీ తలకు సంబంధించింది కాదు. నీది కడుపా, గుండెనా, ఆ ఇంట్లో ఎవరైనా నీ మీద చెయ్యి చేసుకుంటున్నారా? ఏదైనా సరే దాని అసలు పేరు రాయి. నేను పంచాయితీ ఆఫీసులో అందరి ముందూ నా మలం సంగతి చెప్పాను. నువ్వు నాకు ఒక్కదానికి చెప్పలేవా?

శుక్రవారం ఫోను చేసినప్పుడు 'బాగున్నా' అని మొదలుపెట్టొద్దు. నేను అడుగుతాను. చెప్పేదాకా అడుగుతాను.

ఇట్లు,
సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి ఈ కాగితం మడుస్తున్న
నీ కూతురు
అబిగయీలు